నిష్పక్షపాతి

"ఉప్పు చాలదు" అన్నారు ఆయన, ముద్ద నోట్లో పెట్టుకోకముందే.

పెళ్లయిన ముప్ఫై ఒకటో ఏడు ఇది. ఇన్నేళ్లలో ఆ మాట అన్న ప్రతిసారీ ఒక్కొక్క రాయి చొప్పున ఉప్పు ఒకచోట పోసి ఉంటే ఈపాటికి ఇంటి వెనకాల చిన్న సముద్రం తయారయ్యేది. ఆయనకి ఈత రాదు కాబట్టి అప్పుడూ ఆమే దిగి బయటికి లాగాల్సి వచ్చేది. ఉప్పు డబ్బా ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. ఆమె దాన్ని అరజానెడు ఆయన వైపు జరిపింది.

"ఇవాళ మీ ఆఫీసుకి నా ఫైలు వస్తుంది. కాస్త చూసుకో" అన్నారు పేపరు తిప్పుతూ.

ఆమె పనిచేసేది విజ్ఞాన సర్వస్వం ఆఫీసులో. లోకంలోని సంగతులన్నీ అక్షరక్రమంలో పేర్చిపెట్టే చోటు అది. అందులో మనుషుల విభాగం ఆమెది. ఫలానా మనిషి గురించి వ్యాసం వెయ్యదగ్గంత ప్రముఖుడా కాడా అని చూసి, ఫైలు చివర "చాలును" అనో "చాలదు" అనో రాయాలి. అంటే ఇంట్లో తన మీద పడే మాటనే ఆఫీసుకి తీసుకెళ్లి ఇంకొకరి మీద పడేసి వస్తుందన్నమాట, ఇరవై రెండేళ్లుగా.

ప్రముఖులు కావాలనుకునేవాళ్లకు కొదవా? ఎద్దును భుజాన వేసుకుని కొండెక్కానని రాసి, సాక్ష్యంగా ఎద్దు ఫోటో పంపించాడొకడు. ఎద్దు ముఖం చూస్తే దానికి ఆ సంగతి తెలిసినట్టే లేదు. ఇంకొకాయన మీసంలో పిచ్చుక గూడు కట్టిందట. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా, జలుబు చేసినా సరే, ఆయన తుమ్మలేదట. ఇలాంటివాళ్లను గుమ్మంలోనే ఆపడానికి ఆఫీసుకి ఒక నియమం ఉంది. ఆ మనిషి గురించి వేరువేరు వ్యక్తులు ముగ్గురు అచ్చులో రాసి ఉండాలి. ముగ్గురిలో ఒక్కరు కూడా ఇంటివాళ్లు కాకూడదు. వాళ్లను సాక్షులంటారు. ఫైలు వెనక ఒక పట్టిక ఉంటుంది: సాక్షి పేరు, ఆ మనిషితో బంధుత్వం, సాక్షి ప్రస్తుతం ఎక్కడ, ఎలా. బంధుత్వం గడిలో ఎప్పుడూ అడ్డగీతే.

ఆ నియమం చూసి ఆమె నవ్వుకోవడం మానేసింది మంత్రసాని ఫైలు వచ్చిన రోజున. నాలుగు వేల కాన్పులు చేసిన ముసలమ్మ. కాన్పుకొక గీత చొప్పున గీసిన నోటు పుస్తకాలు ఆరు, చెంగులో కట్టుకుని తెచ్చింది మనవరాలు.

"ఆవిడ గురించి ఎవరైనా రాశారామ్మా, పేపర్లోనో పుస్తకంలోనో?"

"ఎవరు రాస్తారండీ? పుట్టినవాళ్లకి గుర్తుండదు. కన్నవాళ్లకి తీరికుండదు."

నాలుగు వేల మంది మొదటి ఏడుపు ఆ ముసలమ్మ చేతుల్లోనే ఏడ్చారు. వాళ్లలో పేపర్లు పెట్టినవాళ్లూ, పుస్తకాలు రాసినవాళ్లూ ఉండే ఉంటారు. అయినా ఆమె "చాలదు" అనే రాసింది. అక్షరం వంకర పోలేదు. అక్షరం కుదురుగా ఉంటుందనే కదా ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఇవాళ ఆఫీసులో అడుగు పెట్టేసరికి పెద్దాయన ఎదురొచ్చాడు. పెద్దాయనంటే ప్రధాన సంపాదకుడు. అరచేతిలో ఫైలు తాంబూలంలా పట్టుకుని ఉన్నాడు.

"ఇదిగోనమ్మా, మీ చీమల మాస్టారి ఫైలు."

ఆయనకి లోకం పెట్టిన పేరు చీమల మాస్టారు. బళ్లో పాఠాలు చెబుతూనే చీమల మీద నాలుగు వందల పేజీల పుస్తకం రాశారు మరి.

"నేను చూడకూడదండీ. ఇంటిమనిషిని."

"సాక్ష్యానికి ఇంటిమనిషి పనికిరాదు గానీ సంతకానికి పనికొస్తుందిలేమ్మా. అంతా నేను చూసేశాను. ముగ్గురు సాక్షులూ ఉద్దండులు. అందులో ఆ నిష్పక్షపాతి ఉన్నాడే, అబ్బ! ఇదిగో, ఈ వాక్యం వినండి." ఎర్ర గీత గీసుకున్న చోట వేలు పెట్టి పైకి చదివాడు. "'చీమల గురించి ఇంత రాసిన గ్రంథకర్త ఒక్కసారైనా నడుం వంచి చీమను చూశారా అన్న సందేహం కలుగుతుంది.' చూశారా! ఎంత పొగడాలో అంతా పొగిడి, చివర చురక అంటించాడు. మగాడమ్మా వాడు! ముఖం చూసి రాసే రకం కాదు."

"అవునండీ" అంది ఆమె.

"అన్నీ కలం పేర్లే వచ్చాయి. పరిశీలకుడు, ఒక పాఠకుడు, నిష్పక్షపాతి. అసలు ఎవరో మీ ఆయన్ని కనుక్కుని ఆ గడులు నింపండి. కుదిరితే వాళ్ల మీద కూడా తలా ఒక వ్యాసం వేద్దాం. నిష్పక్షపాతికైతే నేనే కళ్లు మూసుకుని 'చాలును' రాసేస్తాను."

ఆమె తన కుర్చీ దాకా నడిచి వెళ్లి కూర్చుంది. ఆ ముగ్గురూ ఆమే.

పుస్తకం అచ్చయి ఆరు నెలలైనా ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆయన అన్నం మానేశారు. అంటే పూర్తిగా కాదు, రెండోసారి వడ్డించమనడం మానేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి, "నువ్వే ఏదో నాలుగు ముక్కలు రాసి పత్రికకి పంపరాదూ? నీకేం, కూర ఉడికేలోపు రాసెయ్యగలవు" అన్నారు. తన పేరుతో రాయనా అని అడిగితే నవ్వారు. "ఆడపేరు చూస్తే ఎవడు చదువుతాడే? పైగా నా పెళ్లానివి." ఉడికే కూర పక్కన, పీట మీద కాగితం పెట్టుకుని మొదట పరిశీలకుణ్ణి పుట్టించింది. అంకెలు తప్ప మరొకటి తెలియని మనిషి వాడు. నెల తిరక్కుండా, ప్రతి పేజీకీ కళ్లు చెమర్చే ఒక పాఠకుడు పుట్టాడు. అత్తగారు రెండు గదుల అవతల నుంచి వినబడేట్టు అనేది: "రాతలు రాస్తే గిన్నెలు వాటంతట అవే తోముకుంటాయా?" తోముకోవు. అవీ తనే తోమేది. తోముతూ, మసి పట్టిన గిన్నె అడుగున వేలితో మూడోవాడి మొదటి వాక్యం రాసుకుంది. వాడే నిష్పక్షపాతి. వాడిని రాస్తున్నప్పుడు మాత్రం కూర మాడింది. ఆ ఇంట్లో అదొక్కసారే.

అసలు ఆ పుస్తకంలో చీమలెక్కడివి? ఆమె వంటింటి గోడవే. పొద్దున్నే ఏ పగులులోంచి బయల్దేరి, ఏ అర మీదుగా, పంచదార డబ్బా చుట్టూ ఎన్ని వరసలు కడుతున్నాయో వంగి చూసింది ఆమె. ఆయన నడుం నొప్పి మనిషి. హాల్లో పడక్కుర్చీలోంచి "ఏమోయ్, ఇప్పుడెటు పోతున్నాయి?" అని కేకేస్తే ఈమె చెప్పేది, ఆయన రాసుకునేవారు. ముందుమాటలో ఆమెకు చోటివ్వకుండా పోలేదు. "వేళకు కాఫీ అందించిన నా శ్రీమతికి" అని ఉంది, అచ్చువేసినవాడి పేరు తర్వాత. అందుకే నిష్పక్షపాతి చేత ఆ నడుం వాక్యం రాయించింది. ఆయన చదివి ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు, "ఒక్క తప్పు కూడా పట్టకపోతే జనం నమ్మరండీ" అని సర్దిచెబితే ఊరుకున్నారు. మూడు వ్యాసాల్లోకీ నిజమైన వాక్యం అదొక్కటే. పెద్దాయన ఎర్రగీత సరిగ్గా దాని కిందే పడింది.

ఆ నిష్పక్షపాతికి పత్రిక ద్వారా ఒక ఉత్తరం కూడా వచ్చింది. "అయ్యా, మీ కలానికి భయం లేదు. మీలాంటి వారిని ఒక్కసారి కలవాలని ఉంది" అని ఎవరో రాశారు. ఆయనే విప్పి, పైకి చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు. "నీ కలానికి భయం లేదటోయ్! బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కుతావు" అన్నారు. ఆమె ఆ ఉత్తరాన్ని మడిచి పప్పు డబ్బాలో దాచుకుంది. పప్పు అయిపోయినప్పుడల్లా అది కనబడేది. అందుకని నెలకొకసారి ఆమెకు భయం ఉండేది కాదు.

భోజనాల వేళకు ఫోను మోగింది.

"అయిందా?" అన్నారు ఆయన.

"సాక్షులు ఎవరో రాయమంటున్నారండీ. వాళ్లని కలవాలట. వాళ్ల మీద కూడా వ్యాసాలు వేస్తారట."

"చచ్చిపోయారని రాసెయ్."

"ముగ్గురూనా?"

"ముగ్గురూనే. వయసు మళ్లినవాళ్లు కదా, పోయుంటారు. ఎవడొచ్చి అడుగుతాడు?"

"నిష్పక్షపాతి కూడానా?"

"వాడు ముందు పోయాడని రాయి. నడుం గురించి వాగిన వెధవ." తన జోకుకి తనే నవ్వి, "వచ్చేటప్పుడు ఉప్పు పట్రా, డబ్బా అడుగంటింది" అని పెట్టేశారు.

ఆమె ఫైలు తెరిచింది. "చాలును" అని మూడక్షరాలు రాస్తే సాయంత్రం ఇంట్లో పండగ. పెద్దాయన సంతోషం, ఆయన సంతోషం. కూరలో ఉప్పు కూడా ఒకటి రెండు రోజులు సరిపోతుంది. "చాలదు" అని రాస్తే ఎందుకో చెప్పాలి. చెబితే, దొంగ పేర్లతో జనాన్ని నమ్మించింది ఎవరని అడుగుతారు. అబద్ధం ఆయనదే కావచ్చు, చేతిరాత ఈమెది. ఇరవై రెండేళ్ల కుర్చీ కింద నుంచి లాగేస్తారు, లాగెయ్యాల్సిందే కూడా. ఇంటికెళ్తే ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన ఏమంటారో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఆయన కోసం ఎన్నో వాక్యాలు రాసిపెట్టిన మనిషి, ఆ మాత్రం ఊహించలేదా? కానీ చెంగు ముడి విప్పి ఆరు నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టిన పిల్ల కళ్లముందు నుంచి కదలలేదు. ఆ పిల్ల ఒక్క అబద్ధమైనా తెచ్చుకోలేదు. తెచ్చుకునే తెలివి ఉండి ఉంటే ఆ ముసలమ్మ ఈపాటికి విజ్ఞాన సర్వస్వంలో ఉండేది.

కలం మూత తీసింది. బంధుత్వం గడిలో అడ్డగీతలు గీయలేదు. పైనుంచి కిందికి కుదురైన అక్షరాలతో రాసింది: భార్య. భార్య. భార్య.

అడుగున "చాలదు" అని రాసి, తన పూర్తి సంతకం పెట్టింది.

ఇక చివరి గడి మిగిలింది, సాక్షి ప్రస్తుతం ఎక్కడ, ఎలా. పరిశీలకుడు పోయాడని రాసింది. ఒక పాఠకుడు పోయాడని రాసింది. వాళ్లు ఆయన కోసం పుట్టినవాళ్లు, ఆయన పొమ్మంటే పోయారు, బాధ లేదు. మూడోవాడి దగ్గర కలం ఆగింది. వెనకాల పెద్దాయన నిలబడి తొంగిచూస్తున్నాడని తెలిసినా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నిష్పక్షపాతి" అని చదివాడు పెద్దాయన. "ఉన్నాడా, పోయాడా?"

ఆమె రాసింది: బతికే ఉంది.