గోల్‌కీపర్ గొంతు

ఆమె దేశం మహిళల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. ఇంట్లో అందరికీ పిల్లి. ఎంత ఎత్తునుంచి పడ్డా కాళ్ల మీదే నిలబడుతుందని అన్నయ్య పెట్టిన పేరది. ఏడాదిన్నర క్రితం ఒక విదేశీ క్లబ్ పిలిస్తే వెళ్లి, మూడో అంతస్తులో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో దిగింది.

ఈసారి మాత్రం కాళ్ల మీద పడలేదు. ప్రాక్టీసులో బంతికోసం దూకి గోల్ స్తంభాన్ని గుద్దుకుంది. కుడి మణికట్టు విరిగింది, ఎడమచేతి రెండు వేళ్లు బెణికాయి. జడ మాట అటుంచి, తలుపు తాళం తీయడమే గగనమైపోయింది.

"చిన్న దెబ్బేలే," అని ఫోన్లో చెప్పింది. వదిన నమ్మలేదు. స్కూలు యూనిఫారాలు కుట్టే తన దుకాణాన్ని తోటి దర్జీకి అప్పజెప్పి, ఆరు వారాలకని విమానమెక్కి వచ్చేసింది.

"ఆడపడుచు అర్ధమొగుడన్నారు," అంది మొదటి ముద్ద కలిపి నోట్లో పెడుతూ. "మీ అన్నయ్యక్కూడా ఇంత చాకిరీ చెయ్యలేదే నేను."

"నమలనివ్వు వదినా!"

చికిత్సకోసం రోజూ పొద్దున్నే ఇద్దరూ క్లబ్బుకి వెళ్లేవారు. ఆమె వేళ్లకి వ్యాయామం చేయిస్తున్నంతసేపూ వదిన వరండాలో పచార్లు చేసేది. రెండోరోజు పక్కగదిలోకి తొంగిచూసింది. జెర్సీలు ఉతికే ముసలావిడ ఊడిన అంకె ఒకటి వంకరగా కుడుతూ కనిపించింది. వదిన చెయ్యి ఊరుకుంటుందా? సూది లాక్కుని కూర్చుంది. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు. అయినా వారం తిరక్కుండా ఫోన్లలో పిల్లల ఫొటోలు చూపించుకుని ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

"క్లబ్బులో వంటావిడకి మోకాళ్ల నొప్పులట. బస్సు డ్రైవరు పెద్దకూతురికి పెళ్లి కుదిరిందట. తెలుసా నీకు?" అనడిగింది వదిన ఒక సాయంత్రం, ఆమెకి జడ వేస్తూ.

తెలియదు. ఏడాదిన్నరలో వాళ్లెవరితోనూ ఆమె గుడ్‌మార్నింగ్ దాటలేదు.

"భాష రాకుండా నీకెలా తెలిసింది?"

"సైగలూ ఫొటోలూ లేవూ? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నీ నోరు అసలు తెరుచుకుంటేగా!"

ఆ మాటకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చెప్పింది, ఇంట్లో ఎవరికీ చెప్పనిది. వచ్చిన కొత్తలో ఒక మ్యాచ్‌లో వాళ్ల భాషలో "వదిలెయ్" అనబోయి "పడుకో" అని అరిచింది. జట్టంతా పగలబడి నవ్వింది. అంతే, ఆరోజునుంచి మైదానంలో ఆమె గొంతు పెగల్లేదు. వెనక నిలబడే గోల్‌కీపర్‌కి ఆటంతా కనిపిస్తుంది. ముందున్నవాళ్లకి కేకేసి చెప్పాల్సింది ఆమే. "నువ్వు నోరు విప్పకపోతే వచ్చే సీజన్‌కి ఇంకొకర్ని చూసుకోవాలి," అని కోచ్ రెండుసార్లు హెచ్చరించింది.

వదిన జడ చివర రబ్బరుబ్యాండు బిగించింది.

"నవ్వితే నవ్వారు. అవేమన్నా పెళ్లిచూపులా? చిన్నప్పుడు మీ అన్నయ్య మీద అరిచేదానివటగా, అలా అరిచెయ్."

"తెలుగులోనా?"

"ఏ భాషైతేనేం, వాళ్లకి వినపడాలి."

మర్నాడు ఆమె, గోల్ ముందు కాపుకాసే డిఫెండర్ దగ్గరికి వెళ్లింది. ఆ పొడుగుపిల్లకి ఆమె మనసులో పెట్టుకున్న పేరు చెరకుగడ. తనకొచ్చిన కాస్త భాషలో విషయం చెప్పి, మూడు మాటలు నేర్పింది: నాది, వదిలెయ్, ముందుకి. చెరకుగడ నోట్లో "వదిలెయ్" కాస్తా "వడిలే" అయింది. కట్టుతో ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని, ఆమె గోల్ వెనక నిలబడి ప్రాక్టీసు సాగినంతసేపూ అరిచింది. అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. ఆట అయ్యాక చెరకుగడ పక్కన కూర్చుని, వాళ్ల మాటలు ఎలా పలకాలో ఓపిగ్గా దిద్దింది.

ఆరోవారంలో కట్టు విప్పారు. సన్నబడ్డ మణికట్టుని వదిన బొటనవేలితో నిమిరి చూసి, సూట్‌కేసు సర్దుకుంది. విమానాశ్రయానికి ముసలావిడ కూడా వచ్చింది.

మరో నెలకి ఆమె మ్యాచ్ ఆడింది. వానలో, తెలుగూ వాళ్ల భాషా కలగాపులగం చేసి, తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉంది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు.

"చూశాలే," అంది వదిన ఫోన్లో. "ఆ గొంతేంటే, అలా బొంగురుపోయింది?"

"అరిచి."

"మంచిపని చేశావు. వేణ్ణీళ్లు తాగు."

సీజన్ అయిపోయేనాటికి ఆ జట్టు అయిదు మ్యాచ్‌లు గెలిచింది. కోచ్ ఆమెని పిలిచి మరో రెండేళ్లకి సంతకం పెట్టించుకుంది. బయటికొచ్చి మెట్ల మీదనుంచే ఆమె వదినకి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"రెండేళ్లా! అయితే నేను మళ్లీ రావాలంటే నువ్వు ఇంకేదైనా విరగ్గొట్టుకోవాలా?"

"వద్దులే వదినా. ఊరికే వచ్చెయ్."