తడి గీత

ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికల్లా స్కూలు గేటు ముందు సైకిళ్లు పోగవుతాయి. అందరికన్నా ముందొచ్చేది పళ్ల డాక్టరమ్మ. ఆ సైకిల్ సంఘానికి పెద్ద ఆవిడే. వారమంతా నోరు తెరిచి పడుకున్నవాళ్లతో మాట్లాడే అలవాటు కదా, ఆదివారం కూడా ప్రశ్నా తనదే, జవాబూ తనదే. "గాలి కొట్టించారా? కొట్టించలేదు. పక్కకి రండి," అనేసి ఈల ఊదుతుంది. ఎదుటివాడు నోరు తెరిచేలోపు పంపు చేతికొస్తుంది.

అందరికన్నా చివర వచ్చేది గీతల పెదనాన్న. ముప్పై రెండేళ్లు నగర కార్యాలయంలో రోడ్ల మీద తెల్లగీతలు వేసి రిటైరైన మనిషి. దారం లాగి, సుద్ద పట్టించి, ఒక్క దెబ్బ టప్పున కొట్టాడంటే రోడ్డు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తు పడాల్సిందే. "నా సర్వీసులో ఒక్క వంకర గీత చూపించు," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఆదివారాలు ఎర్రజెండా పట్టుకుని మలుపుల దగ్గర బస్సుల్ని ఆపడం ఆయన పని. పక్కన ఒక సైకిల్ ఉంటుంది. దాన్ని నడిపించుకు రావడమే తప్ప ఎక్కగా చూసినవాళ్లు లేరు. అడిగితే "చైన్ ఊడిందమ్మా" అంటాడు. రెండేళ్లుగా ఊడుతూనే ఉంది. సంఘం వాళ్లు జాలిపడి దానికి ఇప్పటికి మూడు కొత్త చైన్లు వేశారు.

అసలు సంగతేమిటంటే, పెదనాన్నకి సైకిల్ తొక్కడం రాదు. ఎక్కగానే కళ్లు కింద గీత మీదికి పోతాయి. ఎవరు వేశారు, ఎంత మందాన వేశారు అని చూస్తుండగానే పక్కనున్న కాలవ వచ్చేస్తుంది. ఆయన చెల్లెలు మూడుసార్లు నేర్పబోయి, మూడుసార్లూ ఆయన్ని కాలవలోంచి లేపి, చివరికి దండం పెట్టేసింది. అప్పట్నుంచీ రోజూ తన సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని డ్యూటీకి దింపేది. హ్యాండిల్‌కి ఆ పక్కో రంగు డబ్బా, ఈ పక్కో రంగు డబ్బా, వెనక అన్నయ్య. పదిహేనేళ్లు అలా సాగింది.

చెల్లెలు దర్జీ. రెండో వీధిలో ఆవిడ షాపు. తొమ్మిదేళ్ల కిందట పెదనాన్న ఆ షాపు ముందే గీత వేస్తుంటే, ఆవిడ సైకిల్ తోసుకుంటూ వచ్చి ఆరని రంగు మీదుగా దాటేసింది. టైరు అచ్చు పడింది. ఆయన పనివాళ్లందరి ముందూ, "కళ్లు నెత్తికెక్కాయా? గీత దాటతావా? ఇంక నా గడప తొక్కకు," అని అరిచాడు. ఆవిడ వెనక్కి తిరిగింది. సైకిల్‌ని షాపు గోడకున్న కొక్కేనికి తగిలించింది. అది అక్కడే ఉంది. అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఇది పెదనాన్న చెప్పే కథ. ఇందులో ఇంకో ముక్క ఉంది, దాని చోటు వచ్చినప్పుడు చెప్పుకుందాం.

ఇంతలో సంఘానికి ఒక మంచిరోజు వచ్చింది. లారీల మధ్య తొక్కలేక డాక్టరమ్మ రెండుసార్లు కాలవలో పడి, మూడోసారి ఆ బురద చీరతోనే నగర కార్యాలయానికి వెళ్లి కూర్చుంది. కుర్చీలు పాడవుతాయని భయపడ్డారో ఏమో, అక్కడి ఇంజనీరమ్మ ఒప్పుకుంది. స్కూలు గేటు నుంచి ఆసుపత్రి గేటు దాకా సైకిళ్ల గీత వేసుకోవచ్చు. తర్వాతి ఆదివారం తను స్వయంగా వచ్చి చూస్తుంది. సవారీ సాఫీగా సాగితే గీత ఉంటుంది. లేదంటే జీపులో నల్లరంగు డబ్బా ఉంటుంది, అప్పటికప్పుడు చెరిపేస్తుంది.

పెదనాన్న ఒక్కరోజులో గీత వేసేశాడు. మెయిన్ రోడ్డు పొడవునా దారం పట్టి, తిన్నగా, చూడముచ్చటగా వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు డాక్టరమ్మ సంఘం కట్టుబాటు గుర్తుచేసింది. వాళ్లలో పని ఎవరు చేస్తే ముందు సైకిల్ వాళ్లది. వాళ్ల వెనకే మిగతావాళ్లు కదలాలి. ముందు సైకిల్ కదలకపోతే సవారీ లేదు. "ఆదివారం ముందు సైకిల్ ఎవరిది? పెదనాన్న గారిది," అని ఈల ఊదేసింది.

ఆయన వంగి, బాగానే ఉన్న చైన్‌ని ఒకసారి చూసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి గీత పెరిగింది.

పెరగడం గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. వాచీల షాపు మూల దగ్గర మెయిన్ రోడ్డు వదిలేసి, ఎడమకి తిరిగి, సందులోకి నాలుగు గజాలు వెళ్లింది. వాచీల ఆయన దానికి అడ్డం రాకుండా తన బల్ల లోపలికి జరుపుకున్నాడు. ఆ మూల దాటాక మెయిన్ రోడ్డు మీద మిగతా గీత లేదు. మూటాముల్లె సర్దుకుని ఇటొచ్చేసినట్టుంది. మంగళవారం ఇస్త్రీ బండి దాకా వచ్చింది. ఇస్త్రీ ఆవిడ దాని ముందు ఊడ్చి శుభ్రం చేసి, "మీ వీధికి ఎప్పుడొస్తుందట?" అని పక్కవీధి వాళ్లని అడుగుతోంది. పక్కవీధి వాళ్లు మాకెప్పుడు, మాకెప్పుడు అని సంఘం మీదికి వచ్చారు.

బాధపడింది పెదనాన్న ఒక్కడే. "పెరిగితే పెరగనీ. వంకర పోవడమేంటి?" అని ఆయన బాధ. మళ్లీ దారం పట్టి మెయిన్ రోడ్డు మీద కొత్త గీత వేశాడు. అది భోజనం వేళకి చెప్పాపెట్టకుండా వెళ్లి పాతదాంతో కలిసిపోయింది. సందులోని గీత మీద నల్లరంగు పూశాడు. టీ తాగి వచ్చేసరికి నల్లరంగు పక్కన మడతలు పడి ఉంది, గీత తెల్లగా పైనుంది. బుధవారం దాని పక్కనే గొంతుక్కూర్చుని చాలాసేపు బుజ్జగించాడు. గురువారం తిట్టాడు. ఇస్త్రీ ఆవిడ జాలిపడి ఆయనకి ఒక ముక్కాలిపీట ఇచ్చింది.

అది ఎటు పోతోందో ఆయనకి మంగళవారమే తెలిసిపోయింది. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడు. శుక్రవారం అది రెండో వీధిలోకి తిరిగి, చెల్లెలి షాపు గడపకి మూరెడు దూరంలో ఆగింది. ఆగిందంటే ఆగింది. ఇక ఇటు లేదు, అటు లేదు.

శనివారం డాక్టరమ్మ పెదనాన్న ఇంటికి వచ్చింది. దర్జీ ఆవిడ కబురు పంపిందట. ఆయన గీత మా గడప ముందు పడుంది, వచ్చి తీసుకుపొమ్మనండి అని. పెదనాన్న కూడా తక్కువ తినలేదు. నేను పంపలేదు, దానంతటదే వెళ్లింది, ఆవిడ కావాలంటే ఉంచుకోమనండి అన్నాడు. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గీత ఏ దారీ కలవకుండా ఒకరి గడప ముందు ఆగిపోతే ఇంజనీరమ్మ ఏం చేస్తుంది? చెరిపేస్తుంది. రేపు ముందు సైకిల్ ఎవరిది? మీది. చైన్ బాగుందా?"

అని ఆగింది. ఆవిడ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం పెదనాన్న ఎన్నడూ చూడలేదు.

"నాకు తొక్కడం రాదమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ మూడు వేళ్లు ఎత్తింది.

"మూడు చైన్లు, పెదనాన్న గారూ," అంది.

పెదనాన్నకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం కోప్పడలేదు. మరి డ్యూటీకి ఎలా వెళ్లేవారు అని అడిగింది. చెల్లెలి వెనక కూర్చుని అన్నాడు. ఆవిడ, ముందు సైకిల్ మీద ఉండాలనే తప్ప ముందు కూర్చోవాలా వెనక కూర్చోవాలా అని కట్టుబాటులో లేదని తేల్చేసి లేచింది. గుమ్మం దాకా వెళ్లి, "ఆవిడని ఎవరు అడగాలి? మీరే అడగాలి," అంది.

పెదనాన్న ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి ఎలా అడగాలో నాలుగైదు రకాలుగా అనుకున్నాడు. అన్నింటిలోనూ తప్పు చెల్లెలిదిగానే వస్తోంది.

ఆదివారం నలభై సైకిళ్లు గీత పక్కనే నడిచి రెండో వీధికి చేరాయి. తొక్కడానికి లేదు, ముందు సైకిల్ ఇంకా కదల్లేదు కదా. వెనక జీపు. జీపులో ఇంజనీరమ్మ, ఒళ్లో నల్లరంగు డబ్బా. షాపు తలుపు తీసే ఉంది. దర్జీ ఆవిడ తల వంచుకుని మిషన్ తొక్కుతోంది. బట్ట చకచకా నడుస్తోంది. సూదిలో దారం లేదు.

పెదనాన్న గీత చివర నిలబడ్డాడు. అద్దం ముందు అనుకున్నవేవీ నోటికి రాలేదు.

"గీత వచ్చింది," అన్నాడు చివరికి.

"చూశాను. వంకరగా ఉంది," అంది చెల్లెలు తల ఎత్తకుండానే.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదేళ్ల కిందట కూడా ఆవిడ సరిగ్గా ఆ మాటే అంది. ఇందాక చెప్పకుండా దాచిన ముక్క ఇదే. ఆ రోజు పెదనాన్న కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. చెల్లెలు అది చూసి, జోడు పట్టుకుని హడావిడిగా వచ్చి, తడి చూసుకోకుండా దాటింది. దాటి, వెనక్కి తిరిగి చూసి, "అన్నయ్యా, గీత వంకరగా పోతోంది," అంది పనివాళ్లందరి ముందూ. ఆయన అరిచాడు. ఆవిడ జోడు రంగు డబ్బా మీద పెట్టి వెళ్లిపోయింది. అది పెట్టుకుని చూస్తే గీత నిజంగానే పాకుతున్న పాములా ఉంది. గుట్టు రట్టు కాకుండా మధ్యాహ్నానికల్లా దాన్ని గీకించేసి మళ్లీ వేశాడు. టైరు అచ్చు వల్ల చెడిందని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మాడు, సగం.

నలభై మంది చూస్తున్నారు. ఇంజనీరమ్మ జీపు దిగింది. పెదనాన్న కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ రోజు గీత వంకరేనే," అన్నాడు. "నువ్వు దాటకముందే వంకర. నువ్వు నిజం చెప్పావు, నేను అరిచాను. నాకు సిగ్గేసింది. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది."

మిషన్ ఆగింది.

గీత కదిలింది. అందరూ చూస్తుండగా మూరెడు దూరం పాకి, గడప ఎక్కి, కత్తిరింపు ముక్కల పక్కగా వెళ్లి, మిషన్ పెడల్ కిందనుంచి దూరి, గోడ ఎక్కి, కొక్కేనికి వేలాడుతున్న సైకిల్ ముందు చక్రం కింద ఆగింది. తెల్లగా, తడిగా మెరుస్తోంది. చెల్లెలు కాళ్లు పైకెత్తి దానికి దారి ఇచ్చింది.

"తొమ్మిదేళ్లుగా తొక్కుతూనే ఉన్నాను అన్నయ్యా," అంది మిషన్ మీద చెయ్యి వేసి. "ఉన్నచోటే."

 ఆవిడ లేచి, కొంగు నడుముకి దోపి, సైకిల్ దింపింది. గాలి చూసింది. గట్టిగా ఉంది. తొమ్మిదేళ్లుగా వారం వారం గాలి కొడుతూనే ఉందన్నమాట. ఆ సంగతి గమనించింది డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడ ఈ ఒక్కసారికి ఏ ప్రశ్నా అడగలేదు.

ఈలోగా ఇంజనీరమ్మ పెదనాన్న దగ్గరికి వచ్చి గీత వెంబడి వెనక్కి చూసింది. ఒక్క లారీ లేని సందులు, నీడ, రెండు మలుపులు. ఇక్కణ్నుంచి ఆసుపత్రి వెనక గేటు ఎంత దూరమని అడిగింది. ఒక్క వీధి అన్నాడాయన. ఈ దారిన పెట్టమని తను నాలుగేళ్లుగా ఆఫీసులో మొత్తుకుంటోందట, గీత తిన్నగా ఉండాలని పట్టుబట్టి ఎవరూ వినలేదట. అలా అన్నవాళ్లలో అప్పటికింకా సర్వీసులో ఉన్న పెదనాన్న కూడా ఉన్నాడు.

"తిన్నటి కోతతో చొక్కా కుట్టి చూడండి," అంది చెల్లెలు సైకిల్ బయటికి తెస్తూ. "చంక దగ్గర వంపు లేకపోతే చెయ్యి లేవదు."

ఆవిడ సీటెక్కింది. పెదనాన్న క్యారియర్ మీద ఒకవైపుగా కూర్చుని, పాత అలవాటు కొద్దీ ఎర్రజెండా చంకలో పెట్టుకుని, సీటు కింద స్ప్రింగు పట్టుకున్నాడు. ముందు సైకిల్ సిద్ధమైంది. డాక్టరమ్మ ఈల నోట్లో పెట్టుకుంది. నలభై సైకిళ్ల బెల్లులు ఒక్కసారి మోగాయి.

చెల్లెలు పెడల్ మీద కాలు వేసి ఆగిపోయింది. గడప ముందు కొత్తగా పాకిన మూరెడు గీత అడ్డంగా ఉంది. రోడ్డెక్కాలంటే దాని మీదుగానే పోవాలి. ఆవిడ కాలు దింపింది.

"తడిగా ఉంది అన్నయ్యా," అంది.

పెదనాన్న వంగి చూశాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో అంత చక్కటి గీత ఆయనెప్పుడూ వెయ్యలేదు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ఆయన తల తిప్పేసి చెల్లెలి వీపు వైపు చూశాడు.

"దాటవే," అన్నాడు.

ఆవిడ దాటింది. చక్రం తెల్లరంగు మోసుకుని రోడ్డెక్కింది. అది తిరిగిన మేర గీత దాని వెనకే పడుతూ ఆసుపత్రి గేటు దాకా వచ్చింది. ఏడాదికోసారి నగర కార్యాలయం వాళ్లు దానికి కొత్త రంగు వేస్తారు. దర్జీ షాపు ముందుకి వచ్చేసరికి ఆగి, పెదనాన్నకి కబురు పెడతారు. ఆయన చెల్లెలి సైకిల్ వెనక కూర్చుని వచ్చి, సన్న కుంచెతో ఆ మూరెడు మాత్రం తనే వేసి, లేచి పక్కకి తప్పుకుంటాడు. అది ఆరకముందే చెల్లెలు దాని మీదుగా ఒకసారి తొక్కుతుంది.