తోక మీది నంబరు

జూలూరుపాడు సెంటర్ల ప్రభాకర్‌కు ఒక జిరాక్స్, ఫోటో స్టూడియో ఉండేది. ఆయన మనసు మాత్రం కెమెరా మీద కంటే కౌంటర్ పక్కన అద్దాల బీరువాల ఉన్న బొమ్మ విమానాల మీదనే ఎక్కువ. పెండ్లి ఆల్బమ్‌ల పని మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా ఒక ప్లాస్టిక్ కిట్టు డబ్బా తెచ్చుకునేటోడు. ముక్కలు కోసి, అతికించి, రంగులేసి, ఆఖరుకు నీళ్లల్ల నానబెట్టి ఎక్కించే సన్నటి స్టిక్కర్లు పెట్టేటోడు. వాటిని డీకాల్స్ అంటరని ఆ ఊర్లె ఆయనకు ఒక్కనికే తెలుసు. 2007 వానాకాలం నాటికి పదకొండు విమానాలు చేసిండు. "సార్, ఇది నిజంగ ఎగురుతదా?" అని ఎవరన్న అడిగితే నవ్వుకుంట జవాబు చెప్పేటోడు. ఎన్నిసార్లు విన్నా ఆ మాట ఆయనకు విసుగు పుట్టించలే.

ఒక్కటే వెలితి. రంగు కుంచెతో వేసేటోడు కాబట్టి ఎంతోకొంత గరుకు మిగిలేది. ఆ గరుకు మీద డీకాల్ పెడితే కింద గాలి చిక్కి, పొర వెండి లెక్క మెరిసేది. దూరం నుంచి చూసినోళ్లకు కనపడదు. ఆయనకు కనపడేది.

అందుకే ఒకనాడు ఖమ్మం రోడ్డు మీద దేవ్‌సింగ్ షెడ్డుకు పోయిండు. దేవ్‌సింగ్ తండా మనిషి, ముప్పై ఏండ్లుంటయి. ట్రాక్టర్లకు, లారీలకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తడు. నంబర్ ప్లేట్లు కూడా చేత్తోనే రాస్తడు. షెడ్డుల కంప్రెసర్, స్ప్రే గన్ ఉన్నయి.

"ఇంత చిన్నదా అన్నా!" అని దేవ్‌సింగ్ విమానాన్ని అరచేతిల పెట్టుకొని చూసిండు. తర్వాత మొగులు దిక్కు చూసి, "ఇయ్యాల వద్దు. ముసురు పట్టింది. తేమల లక్కర్ పూత కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతది. ఎండ రానీ" అన్నడు.

ఆ సంగతి ప్రభాకర్‌కు తెల్వదు. తెలిసినట్టే తల ఊపిండు.

మూడో రోజు ఎండ వచ్చింది. దేవ్‌సింగ్ కొట్టిన రంగు, దాని మీది రంగులేని క్లియర్ కోటు చూసి ప్రభాకర్ విమానాన్ని వెలుతురుకు తిప్పిండు. రెక్క మీద షెడ్డు రేకులు అద్దంల లెక్క కనపడుతున్నయి. డీకాల్ పెడితే, రంగుల్నే పుట్టినట్టు కూసుంది. డీకాల్ ఊడకుంట పైన కొట్టే ఆఖరి కోటు ప్రభాకర్ ఇంటి దగ్గర డబ్బా స్ప్రేతో తనే కొట్టుకున్నడు.

ఆ సంబురంల ఒక కిట్టు దేవ్‌సింగ్‌కు ఊరికెనే ఇచ్చిండు. డీకాల్ గోరువెచ్చని నీళ్లల్ల ఎంతసేపు ఉంచాలె, కాగితం మీది నుంచి ఎట్ల జార్చాలె, గుడ్డతో నీళ్లు ఎట్ల అద్దాలె, అన్నీ దగ్గర కూసోని చూపించిండు. నెల తిరిగేసరికి దేవ్‌సింగ్ విమానం తయారుచేసి తెచ్చిండు. దానికి కూడా పైకోటు ప్రభాకరే కొట్టిచ్చి, బీరువాల తన విమానాల పక్కన పెట్టిండు.

మర్నాడు ఆయన భార్య సుజాత బీరువా తుడుచుకుంట ఆగింది. "ఇదేందండీ, దీని మీద ఒక్క గీత లేదు. మీరెప్పుడు చేసిన్రు?"

"నేను చెయ్యలే."

"అట్లనా" అని ఆమె తుడుసుడుల పడ్డది. ఆమె మనసుల ఏం లేదు. ప్రభాకర్‌కు ఆ పూట బువ్వ సయించలే.

ఆ తర్వాత వచ్చినోళ్లు ఏ విమానం దిక్కు వేలు చూపుతున్నరో ఆయన లెక్క పెట్టుడు మొదలుపెట్టిండు. దేవ్‌సింగ్ చేసినదాన్ని వెనుక వరుసకు జరిపిండు. అయినా జనం వంగి మరీ దాన్నే చూసేటోళ్లు.

దసరా ముంగట వెంకటరామారావు అనే పెద్దమనిషి చుట్టాల పెండ్లి ఆల్బమ్ కోసం స్టూడియోకు వచ్చిండు. పెనుబల్లి దగ్గర పామాయిల్ తోట ఉన్నాయన. వాళ్ల నాన్న కాలంల కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డరు. వయసుల ఉన్నప్పుడు వైమానిక దళంల మెకానిక్‌గ చేసిండట. విమానాలు చూడంగనే ఆల్బమ్ సంగతి మరిచిపోయిండు. అద్దాలు సవరించుకొని ఒక్కొక్కటి చూసి, ఆఖరుకు వెనుక వరుసల చెయ్యి పెట్టి ఒకటి బయటికి తీసిండు.

"ఈ చెయ్యి ఎవరిదయ్యా?"

ప్రభాకర్ నోరు తెరిచిండు. నాదే అందామనుకున్నడో, ఏమందామనుకున్నడో ఆయనకే తెల్వదు. జిరాక్స్ మిషన్ దగ్గర నుంచి సుజాత చెప్పేసింది: "ఖమ్మం రోడ్డు దేవ్‌సింగ్‌ది సార్."

పెద్దాయన నేరుగ షెడ్డుకు పోయిండు. వారం దాటినంక ఒక మిగ్ విమానం కిట్టు, చిన్న కవరు తెచ్చి దేవ్‌సింగ్ చేతుల పెట్టిండు. కవర్ల ఒక డీకాల్ కాగితం ఉంది. ఆయన పనిచేసిన విమానం నంబరు, రెక్కల మీది మూడు రంగుల చక్రాల గుర్తులు, బెంగళూరులున్న దోస్తు వెంకటనారాయణ కంప్యూటర్ మీద చేసి, ప్రింటు తీసి పంపిండట. ఆ దోస్తు పోయిన ఏడాది చనిపోయిండు. కాగితం అదొక్కటే.

ఇవన్నీ దేవ్‌సింగే వచ్చి ప్రభాకర్‌కు చెప్పిండు. రంగు అయిపోయింది, డీకాల్ కూడా ఎక్కించిండు. తోక మీద నంబరు ముద్ర కొట్టినట్టు ఉంది.

"పైకోటు నువ్వు కొడ్తవా అన్నా? నేనెప్పుడు డీకాల్ మీద కొట్టలే."

"నాకు టైం లేదు. నీకు గన్నుంది గదా, నువ్వే కొట్టు."

"లక్కర్‌ల థిన్నర్ ఉంటది. డీకాల్‌కు ఏం కాదా?"

ప్రభాకర్‌కు ఏమైతదో బాగా తెలుసు. డీకాల్ మీద ముందు దుమ్ము రాలినట్టు పల్చగ కొట్టాలె. ఆరనియ్యాలె. మళ్లీ పల్చగ. మూడు నాలుగు సార్లైనంక గాని తడి కోటు కొట్టొద్దు. తొలి ఏడాదే ఆయన ఒకటి ఖరాబు చేసుకొని నేర్చుకున్నడు.

"ఏం కాదు. బండికి కొట్టినట్టే మంచిగ తడిగ కొట్టు. మెరుపొస్తది" అన్నడు.

దేవ్‌సింగ్ సంతోషంగ పోయిండు. ప్రభాకర్ లేచి రెండడుగులు వాకిట్లకు నడిచిండు. పిలిస్తే వినపడేంత దూరంల్నే ఉన్నడు. పిలవలే.

మధ్యాహ్నం షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, జల్దీ రా."

నంబరు కాలిన ప్లాస్టిక్ కవరు లెక్క ముడుచుకపోయింది. చక్రాలల్ల కాషాయం ఆకుపచ్చలకు పారింది. దేవ్‌సింగ్ గన్ను కింద పెట్టి మోకాళ్ల మీద కూసున్నడు. "నా చెయ్యే బరువైంది అన్నా. నువ్వు చెప్పినట్టు కొట్టరాలే నాకు" అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ప్రభాకర్‌కు ఒక్క నిమిషం పాటు మనసుల చల్లగ అనిపించింది. ఆ చల్లదనం చూసి ఆయనకే భయమైంది.

దేవ్‌సింగ్ రెండు రోజులు ఆ తోకను, రెక్కలను తడిపి రుద్దే నీళ్ల కాగితంతో సాపు చేసి, మళ్లీ రంగు కొట్టి, చక్రాలు చేత్తో దిద్దిండు. "నేనే పోయి చెప్త. నువ్వు తోడు రా అన్నా, నాకు భయమైతుంది" అన్నడు. ఇద్దరు విమానం పట్టుకొని తల్లాడల బస్సు మారి పెనుబల్లి పోయిన్రు. వెంకటరామారావు వసారాల కుర్చీల కూసోని ఉన్నడు. దేవ్‌సింగ్ దాచకుంట చెప్పిండు: "నా తప్పే సార్. లక్కర్ ఎక్కువ కొట్టిన."

ప్రభాకర్ నేల దిక్కు చూసిండు.

పెద్దాయన ఖాళీ తోక మీద వేలు పెట్టి చూసిండు. "వెంకటనారాయణా పోయాడు, కాగితమూ పోయింది" అన్నడు ఆఖరుకు. "నంబరు నా నోట్లో ఉందిగా. లారీలకు రాస్తావు కదా, దీనికీ రాయి."

దేవ్‌సింగ్ సంచిల నుంచి రంగు డబ్బా, అన్నిట్ల సన్నటి కుంచె తీసిండు. వసారా గచ్చు మీద బాసింపట్టు వేసుకొని, ఊపిరి బిగబట్టి రాసుడు మొదలుపెట్టిండు. పెద్దాయన ఒక్కో అంకె చెప్తున్నడు, ఇతను రాస్తున్నడు. బియ్యపు గింజంత అంకెలు. రాసినంక పెద్దాయన విమానాన్ని కండ్ల దగ్గర పెట్టుకొని నంబరు పైకి చదివిండు. మళ్లీ చదివిండు.

తర్వాత ప్రభాకర్ దిక్కు తిరిగి, "నీకు నేర్పింది ఎవరయ్యా అని మొన్న ఇతన్ని అడిగితే నీ పేరే చెప్పాడు. మంచి శిష్యుణ్ణి తయారుచేశావు" అన్నడు.

"అన్న లేకుంటే నాకిది తెల్వకనే పోవు సార్" అన్నడు దేవ్‌సింగ్.

తిరిగి వచ్చేటప్పుడు తల్లాడ బస్టాండుల ప్రభాకర్ ఇక ఆగలేకపోయిండు. "నీ చెయ్యి బరువు కాలే దేవ్‌సింగ్. తడిగ కొడితే పోతదని నాకు తెలుసు. తెలిసే చెప్పిన."

దేవ్‌సింగ్‌కు ముందు అర్థం కాలే. అర్థమైనంక, "ఎందుకన్నా?" అన్నడు.

"నీది బాగుందన్నరు. నాది ఎవరూ అనలే."

జూలూరుపాడు మీదుగ పోయే కొత్తగూడెం బస్సు వచ్చింది. దేవ్‌సింగ్ ఎక్కి డ్రైవర్ వెనుక సీట్ల కూసున్నడు. ప్రభాకర్ ఎక్కలే. తర్వాతి బస్సుకు వచ్చిండు. ఇంటికొచ్చి సుజాతకు అంతా చెప్పిండు. ఆమె, "దేవ్‌సింగ్ ముంగట నేను ఎట్ల నిలబడాలె ఇంక?" అని మాత్రం అన్నది.

తప్పు ఒప్పుకుంటే కుళ్లు పోతదనుకున్నడు ప్రభాకర్. పోలే. వెంకటరామారావు మరో రెండు కిట్లు దేవ్‌సింగ్‌కు పంపిండని విన్ననాడు, సిగ్గు ఒకదిక్కు, కడుపు మంట ఒకదిక్కు, రెండూ కలిసే వచ్చినయి.

ఎండకాలంల కొత్త విమానం ఒకటి పట్టుకొని షెడ్డుకు పోయిండు. దేవ్‌సింగ్ ట్రాలీకి రంగు కొడుతున్నడు. గన్ను ఆపి, "ఏం రంగు గావాలె సార్?" అన్నడు.

ప్రభాకర్ ఏ రంగో చెప్పిండు. "ఆ బల్ల మీద పెట్టి పోండి. బేస్తవారం తీస్కపోండి" అన్నడు దేవ్‌సింగ్.

బేస్తవారం తెచ్చుకున్నడు. దేవ్‌సింగ్ పనిల కోపం చూపియ్యలే. ప్రభాకర్ స్టూడియో కిటికీ దగ్గర నిలబడి, ఒక్క మరకన్న, ఒక్క దుమ్ము నూగన్న దొరుకుతదేమోనని విమానాన్ని తిప్పి తిప్పి చూసిండు. ఏం దొరకలే. గిన్నెల నీళ్లు పోసుకొని డీకాల్ నానబెట్టిండు.