తవిటమ్మ ప్లేటు

మిల్లులో నార ఏకే మరలోకి గుప్పెడేసి చొప్పున జనపనార అందిస్తూనే తవిటమ్మ మోచేయి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మర చుట్టూ లేచిన నూగు ఆమె కనుబొమల మీద, చెమట పట్టిన మెడ మీద అంటుకుపోయింది. నలభై ఏళ్లకే భుజాలు ముందుకు వంగిపోయిన మనిషి.

“ఒదినా, నీ పాటల ప్లేటొచ్చిందట! రంగనాథం గారు కబురెట్టారు!” మరల మోతలో ఆడబిడ్డ గురమ్మ ఆమె చెవి దగ్గర అరిచింది.

తవిటమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

విజయనగరంలో గ్రామఫోన్లు అమ్మే రంగనాథం, పెళ్లిళ్లలో పదిమందితో కలిసి పాడే ఆమె గొంతు విని మద్రాసు పంపించాడు. అక్కడ గ్రామఫోన్ ప్లేటు కోసం మొదటిసారి ఒంటరిగా రెండు పాటలు పాడింది. ఇంతలో యుద్ధం ముదిరింది. ప్లేట్లు పోయడానికి లక్క దొరకడం లేదని గ్రామఫోన్ కంపెనీ దాన్ని మూడేళ్లు ఆపేసింది. ఆ మూడేళ్లూ మిల్లు నూగు ఆమె గుండెల్లో పేరుకుంటూ పోయింది.

పని దిగి రంగనాథం కొట్టుకి వెళుతూ దారిలో మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. కొట్టు ముందు అప్పటికే జనం.

“నా పేరు ఏ పక్కనుంది, బాబూ?” అని అడిగి, రంగనాథం చూపించిన అక్షరాలను వేలితో నిమిరింది.

ముల్లు పెట్టగానే పాట వీధంతా పరుచుకుంది. చేపల వేటకెళ్లిన మగడి కోసం సముద్రం ఒడ్డున కాచుకున్న ఆడదాని పాట. నిండైన గొంతు, ఎక్కడా జీర లేదు. జట్కావాళ్లు బళ్లు ఆపుకుని విన్నారు.

“ఎవురిదండీ ఈ గొంతు?”

“ఈవిడదే,” అన్నాడు రంగనాథం గర్వంగా. “తవిటమ్మా, ఒక్క చరణం అందుకో.”

ఆమె నోరు తెరిచింది. మొదటి మాటే విరిగిపోయింది. ఆపైన దగ్గు తెర.

జనం గొల్లున నవ్వారు. “ఎవుర్నో తెచ్చి మా సెవుల్లో పువ్వులెడతన్నారేటండీ?”

“మా ఒదినదే! అబద్దమైతే నా నాలిక కొయ్యండి!” గురమ్మ మాట ఎవరూ వినిపించుకోలేదు. ప్లేట్లు మాత్రం పోటీపడి కొనుక్కుపోయారు.

రంగనాథం తల ఎత్తలేకపోయాడు.

“ఆ గొంతు నాదే, బాబూ,” అంది తవిటమ్మ మెల్లగా. “ఇప్పుడు నాకాడ నేదు, అంతే. రెండో పక్క కూడా ఎయ్యండి.”

అరుగు మీద కూర్చుని చివరిదాకా వింది. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు.

దారిపొడుగునా గురమ్మ ఏడుస్తూనే ఉంది.

“ఎందుకే ఏడుస్తావు? బాగానే పాడినాను గదేటి!” అంది తవిటమ్మ.

తెల్లవారి, పనికి వేళవుతోందని గురమ్మ వచ్చి పిలిచింది. గోడవైపు తిరిగి పడుకున్న వదిన పలకలేదు. భుజం తట్టింది. చల్లగా తగిలింది.

చూరు కింద తాడు మీద, రాత్రి ఉతికి ఆరేసుకున్న చీర ఇంకా తడి ఆరలేదు.