చూడకముందే ఊదిన ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత, లోపల శనగగింజంత బెండు ఉండ. మీరట్‌లో ఆటసామాను తయారుచేసే ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను అతికిన మనిషి నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊది, తలాడించి, మరో పదకొండింటితో కలిపి అట్టపెట్టెలో పడేశాడు. నా జీవితంలో ఎవరి తప్పూ ఎంచకుండా నన్ను ఊదిన మొదటి మనిషి అతను.

రైలెక్కి సికింద్రాబాదు వచ్చి, ఒక దుకాణం అద్దాల బల్ల కింద ఆరు నెలలు కూర్చున్నాను. అక్కడికి ఒకరోజు ఎలగందుల కొమురయ్య అనే ఆయన వచ్చారు. హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీకి కొత్తగా పీడీగా చేరారు. పీడీ అంటే ఆటలు నేర్పి, జట్లను నడిపించే సారు. ఆయన అయిదు ఈలలు ఊది చూశారు. దుకాణదారు విసుక్కునేలోగా నన్ను ఏరుకుని, నల్లదారం కట్టి మెడలో వేసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ మెడలోనే ఉన్నాను.

కొమురయ్య సారు చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. బూట్లు లేని పిల్లలకు తన జీతంలోంచి బూట్లు కొనిచ్చేవారు. ప్రాక్టీసు అయ్యాక డజన్ల కొద్దీ అరటిపళ్లు తెప్పించి తన చేత్తో పంచేవారు. రోజూ సాయంత్రం నన్ను రుమాలుతో తుడిచి, సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టేవారు. ఎవరైనా జబ్బుపడితే ఆసుపత్రికి ముందు వెళ్లేది ఆయనే. కాలేజీలో ఫుట్‌బాల్ జట్టంటే ఆయన పెంచిన జట్టే.

ఆ జట్టులోకి మబ్రూక్ వచ్చాడు. బీకాం మొదటి ఏడు. ఆరడుగుల ఎత్తు, నిగనిగలాడే నల్లటి ఒళ్లు, తలకు అంటుకున్నట్టుండే ఉంగరాల జుట్టు. అతని పూర్వీకులు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీలు. తండ్రి ఫరాజ్ పెళ్లిళ్లలో మర్ఫా డప్పు వాయిస్తాడు. ఇవేవీ కొమురయ్య సారుకు మొదటిరోజు తెలియవు.

"ఏ దేశంరా నీది?" అని అడిగారు.

"ఏసీ గార్డ్స్ సార్."

"అది కాదు బిడ్డా. అసలు ఏ దేశం?"

"అసలు ఏసీ గార్డ్సే సార్. గీ ఊళ్లనే, మాసాబ్‌ట్యాంక్ పక్కకు. మా తాత గూడ ఆడనే పుట్టిండు."

జట్టంతా నవ్వింది. సారూ నవ్వారు. మబ్రూక్ కూడా నవ్వాడు గానీ అందరికన్నా ముందు ఆపేశాడు. ఆ సాయంత్రానికే అతనికి 'ఆఫ్రికా' అని పేరు పెట్టేశారు. అది ప్రేమతో పెట్టిన పేరని వాళ్ల నమ్మకం.

మైదానం మధ్యలో ఆడాలని మబ్రూక్ కోరిక. ముప్పై గజాల దూరంలో ఉన్నవాడి పాదం ముందుకు బంతిని మెత్తగా జారవిడవగలడు. సారు ఆ కాళ్లను చూడలేదు, భుజాలను చూశారు.

"గోడ లెక్కున్నవ్. నువ్వు వెనకుండాలె. ఎవడొచ్చినా నిన్ను చూసి ఆగిపోవాలె" అన్నారు. మబ్రూక్ వెళ్లి ఎడమవైపు వెనక నిలబడ్డాడు. మూడేళ్లు అక్కడే ఉన్నాడు.

ఆ మూడేళ్లలో ప్రాక్టీసు మ్యాచులన్నిటికీ కొమురయ్య సారే రిఫరీ. కాబట్టి ఏం జరిగిందో నాకు బాగా తెలుసు. మబ్రూక్ బంతి లాక్కుంటే ఎదుటివాడు పడేవాడు. పడగానే ఊపిరి నాలోకి వచ్చేది, నేను మోగేదాన్ని. నిశ్చల్ అని ఇంకొకడు ఉండేవాడు. జట్టు కెప్టెను, నవ్వు మొహం. వాడు చొక్కాలు పట్టి లాగేవాడు, మోచేత్తో పొడిచేవాడు, తర్వాత చెయ్యిచ్చి లేపేవాడు. "హుషారు పిల్లగాడు" అని సారు మురిసిపోయేవారు. వాడి తప్పులకు నేను మోగిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

మబ్రూక్ మాట్లాడకపోతే లోపల కోపం పెట్టుకున్నాడనేవారు. ఎందుకు ఫౌల్ ఇచ్చారని ఒకసారి అడిగితే నోరెక్కువన్నారు. ఒకరోజు ఉక్రోషంతో బంతిని గోడమీదికి తన్నాడు. రెండు మ్యాచులు కూర్చోబెట్టారు. అదే నెలలో నిశ్చల్ నీళ్ల సీసా విసిరి ఒకడి నుదురు చిట్లగొట్టాడు. "గెలవాలన్న కసి" అన్నారు సారు. ఇలా చేస్తూ కూడా ఆయన తనను తాను అందరినీ ఒకేలా చూసే మనిషిగానే అనుకునేవారు. మబ్రూక్‌కూ ఆయనే బూట్లు కొనిచ్చారు మరి.

మూడో ఏడు యూనివర్సిటీ జట్టుకు సెలక్షన్లు వచ్చాయి. ఆ జట్టులో ఆడినవాళ్లకు ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటా ఉంటుంది. ఫరాజ్ ఇంట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదని మబ్రూక్ జట్టు గోల్‌కీపరుతో అంటుంటే విన్నాను. సెలక్షన్లకు వారం ముందు కాలేజీ జట్టునే రెండుగా విడగొట్టి మ్యాచ్ పెట్టారు సారు.

సాయంత్రం అయిదు దాటింది. ఆట నడుస్తుండగా ప్రిన్సిపాల్ గారి కారు గేట్లోకి వచ్చింది. సారు అటు తిరిగి చెయ్యెత్తి నమస్కారం పెట్టారు. అప్పుడే వెనకనుంచి ఒక కేక వినిపించింది. ఊపిరి నాలోకి దూసుకొచ్చింది. నేను మోగాను. ఆ తర్వాత సారు వెనక్కి తిరిగారు. ఏది ముందో ఏది వెనకో నాకంటే బాగా చెప్పగలవారు లేరు, ఎందుకంటే నేను ఆయన పెదవుల మధ్య ఉన్నాను.

తిరిగి చూస్తే నిశ్చల్ మొహం పట్టుకుని నేలమీద దొర్లుతున్నాడు. మబ్రూక్ పక్కన నిలబడి ఉన్నాడు.

"బైటికి నడు!" అని అరిచారు సారు.

"నేను కొట్టలే సార్. ఎనకకెళ్లి నా కాలిమీద తన్నిండు. కాలియా అన్నడు, నల్లోడా అని. కాలర్ పట్టిన, ఇడిచిపెట్టిన. గంతే."

"నేను చూసిన. బైటికి నడు."

మూడోరోజు క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు, కొమురయ్య సారు, స్టాటిస్టిక్స్ చెప్పే హైమవతి మేడమ్. ఫరాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావోడు తప్పు చేస్తే సజా ఇయ్యుండ్రి సాబ్. నేను అడ్డం రాను. చేసిండా లేదా అన్నది మాత్రం సరిగ చూడుండ్రి" అన్నాడు.

హైమవతి మేడమ్ సారు వైపు తిరిగారు. "కొడుతుండగా మీరు కళ్లారా చూశారా కొమురయ్యగారూ?"

"చూసిన మేడమ్" అన్నారు సారు.

ఆయన అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. ఊదిన తర్వాత కంటబడినదాన్ని ఊదకముందే చూసినట్టు మనసులో అమర్చుకున్నారు. మూడేళ్లుగా మబ్రూక్ గురించి ఆయన తలలో ఒక బొమ్మ ఉంది, ఆ సాయంత్రం అందులో చక్కగా ఇమిడిపోయింది.

ఏడాదిపాటు ఆటల నుంచి మబ్రూక్‌ను బహిష్కరించారు. అతను తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఫరాజ్ ఒక్కడే వెనక్కి తిరిగి ముగ్గురికీ సలాం చేశాడు. సెలక్షన్లకు నిశ్చల్ వెళ్లాడు, ఎంపికయ్యాడు.

నెలన్నర గడిచింది. కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ ఒకటి వస్తోందని, ఆటల మీద అయిదు నిమిషాల వీడియో కావాలని అన్నారు. ఆ యేడు ప్రాక్టీసు మ్యాచులను లైబ్రరీ మేడమీద కెమెరా పెట్టి తీయించారు. ఆ కెమెరా ఉన్న సంగతే అందరూ మర్చిపోయారు. బాగున్న ముక్కలు ఏరమని హైమవతి మేడమ్ సారును కంప్యూటర్ ల్యాబుకు పిలిచారు. మధ్యాహ్నం వేళ, ఇద్దరే కూర్చున్నారు. స్పీకర్లు పనిచేయడం లేదు. నేను సారు ఛాతీమీద ఉన్నాను.

కెమెరాకు ఎదురుగా సాయంత్రపు ఎండ ఉంది. మైదానమంతా తెల్లగా వెలిగిపోతోంది, ఆ వెలుగులో ఆటగాళ్లందరూ నల్లటి నీడలు. చొక్కా రంగులు లేవు, మొహాలు లేవు.

"అయ్యో, ఇట్ల పాడైందేంది" అన్నారు సారు. అయినా ఆటంటే ఆయనకు ప్రాణం కదా, చూస్తూ చూస్తూ వ్యాఖ్యానం మొదలుపెట్టారు.

"ఇది చూడుండ్రి మేడమ్. బాల్ ఎంత సాఫ్‌గ తీసిండో! కాలు తాకనే లేదు. ఈ ముక్క పెడదాం."

తెరమీద ఆట ఆగిపోయింది. నీడలన్నీ నిలబడ్డాయి.

"మరి ఎందుకు ఆపారండీ?" అడిగారు మేడమ్.

"ఫౌల్ ఇచ్చినట్టున్నరు. ఇది ఫౌల్ కాదు. ఎవరిచ్చిండ్రో..."

ఒక పొట్టి నీడ నోటిదగ్గర చెయ్యి పెట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. సారు కాసేపు దాన్నే చూశారు.

"నేనే" అన్నారు.

బంతి తీసిన పొడుగు నీడ తల వంచుకుని నడుస్తూ ఎడమవైపు వెనకకు వెళ్లి నిలబడింది. అది ఎవరి చోటో సారుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన తర్వాతి ముక్క పెట్టమన్నారు, ఆ తర్వాతిది కూడా. ఒక నీడ మరో నీడ చొక్కా పట్టి లాగితే "ఇది ఫౌల్" అన్నారు మెల్లగా. ఆట ఆగలేదు. అలా గంటసేపు చూశారు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఏసీ బాగానే నడుస్తోంది.

చివరిది ఆ రోజు మ్యాచ్. గేటు వైపు తిరిగి దండం పెడుతున్న పొట్టి నీడ ఒక పక్క. ఇంకో పక్క ఒక నీడ ఇంకో నీడ కాలిమీద వెనకనుంచి తన్నింది. తన్నులు తిన్నది తిరిగి కాలర్ పట్టుకుంది, వదిలేసింది, రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత మొదటి నీడ మొహం పట్టుకుని తనంతట తానే కింద పడింది.

"దొంగ! కావాలని పడ్డడు" అని సారు నోటినుంచి వచ్చేసింది.

హైమవతి మేడమ్ లేచారు. కంప్యూటర్ ఆపి, కిటికీ తెర తీసి, కాస్త నీళ్లు తెచ్చిపెట్టారు.

ఆ సాయంత్రమే సారు ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసిచ్చారు. తాను చూడలేదని, చూడకుండానే చూశానన్నానని రాశారు.

"సెలక్షన్లు కూడా అయిపోయాయి. ఇప్పుడు ఇదెందుకు సార్?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అయిపోయినయ్ కాబట్టే సార్."

బహిష్కరణ రద్దయింది. నిశ్చల్‌ను కెప్టెన్సీ నుంచి తీసేశారు. యూనివర్సిటీ జట్టు పేర్లు మాత్రం మారలేదు, గడువు దాటిపోయింది.

మర్నాడు సారు ఏసీ గార్డ్స్ వెళ్లారు. అరుగుమీద ఫరాజ్ డప్పుకు తోలు బిగిస్తున్నాడు. మబ్రూక్ లోపలినుంచి వచ్చాడు. సారు నిలబడే చెప్పారు, చూసినదంతా చెప్పారు.

"తప్పు నాది బిడ్డా."

 డప్పు చప్పుడు ఆగిపోయింది.

"ఆ ఒక్క దినం సంగతి కాదు సార్" అన్నాడు మబ్రూక్. "మూడేండ్లు. నేను బాల్ ముట్టుకుంటే చాలు విజిల్. ఇంటికొచ్చి పండుకుంటే గూడ చెవులల్ల అదే. నేనే ఖరాబోణ్ణేమో అనుకున్న."

సారు తల దించుకున్నారు. నేను ఆయన జేబులో ఉన్నాను. ఎప్పుడూ మెడలో వేసుకునే మనిషి, ఆ రోజెందుకో జేబులో పెట్టుకుని వెళ్లారు.

"ఇంక ఒక్క మ్యాచ్ ఉంది, వీడ్కోలు మ్యాచ్. వస్తవా?"

"నడిమిట్ల ఆడిపిస్తే వస్త."

"నడిమిట్లనే."

ఫరాజ్ లేచి టీ చెప్పడానికి వెళ్లాడు. వాళ్లిద్దరూ టీ వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.

ఆ మ్యాచ్ నాకు బాగా గుర్తుంది. మబ్రూక్ మధ్యలో ఆడాడు. బంతి అతని దగ్గరకు వచ్చి, ఒక్క క్షణం ఆగి, ఎవరూ అనుకోని దారిన వెళ్లేది. ఇన్నాళ్లూ ఈ ఆటగాడిని వెనక మూలలో నిలబెట్టారా అని చూసేవాళ్లు గుసగుసలాడారు. అరగంట గడిచాక అతను జారుతూ వెళ్లి బంతి లాక్కున్నాడు, ఎదుటివాడు బోర్లా పడ్డాడు. గట్టుమీద కూర్చున్నవాళ్లంతా "ఫౌల్! ఫౌల్!" అని అరిచారు. నేను పెదవుల మధ్యకు వెళ్లాను. ఊపిరి అంచుదాకా వచ్చింది, ఆగింది. సారు చూస్తున్నారు. బంతి ముందు కదిలింది, కాలు తాకలేదు. ఆయన నన్ను కిందికి దించేశారు. ఆట సాగిపోయింది.

ఆట ముగిసేముందు మబ్రూక్ ఒకడిని నిజంగానే వెనకనుంచి పడేశాడు. నేను మోగాను. మబ్రూక్ చెయ్యెత్తి, "నాదే సార్" అని, వెనక్కి తగ్గి నిలబడ్డాడు. మూడేళ్లలో ఆ మాట అతని నోట విన్నది అదే మొదలు.

ఆ తర్వాత సారు ఊదే తీరు మారింది. ఎవరు పడినా ఒక క్షణం ఆగేవారు. సారుకు వయసైపోయిందని, విజిల్ ఆలస్యంగా వస్తోందని కొత్త పిల్లలు నవ్వుకునేవారు. మబ్రూక్ డిగ్రీ పూర్తిచేసి ఒక కొరియర్ కంపెనీలో చేరాడు. ఆదివారాలు తన బస్తీ జట్టుకు ఆడతాడని సారు వాకబు చేసి తెలుసుకున్నారు.

నాలుగేళ్లకు సారు రిటైరయ్యారు. సన్మాన సభ పెట్టారు. మబ్రూక్‌కు తన చేత్తో పిలుపు రాసి పంపారు సారు. సభ జరుగుతున్నంతసేపూ ఆయన రెండు మూడుసార్లు తలుపు వైపు చూశారు. మబ్రూక్ రాలేదు.

నన్ను మెరుగుపెట్టించి, మఖమలు గుడ్డ పరిచిన అద్దాల పెట్టెలో పెట్టి వేదికమీద ఉంచారు. ఇకమీద నా చోటు ఆఫీసు గది గోడమీదనట. ఆ యేడే కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారు నన్ను చూపిస్తూ, "ఇరవై ఎనిమిదేళ్లలో ఈ విజిల్ ఒక్కసారి కూడా తప్పు మోగలేదు" అన్నారు.

కొమురయ్య సారు మెడలో పూలదండతో లేచి మైకు అందుకున్నారు.

"మోగింది. ఒక్కసారి గాదు, శానాసార్లు తప్పు మోగింది. ఊదింది నేనే" అన్నారు.

అది సారు వినయం అనుకుని సభలో అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న హైమవతి మేడమ్ ఒక్కరే కొట్టలేదు.