ఖాళీగా ఉన్న గళ్లు

పిల్లలకు రక్తం ఎక్కించే ఆ వార్డులో గుమాస్తాను నర్సులందరూ తేదీలమ్మ అనేవారు. ఆమె లెక్కలో ఉన్న పిల్లలు నూట ఇరవై మంది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు వాళ్లది. ఒకరికి పద్నాలుగు రోజులకోసారి ఎక్కించాలి, ఒకరికి ఇరవై, ఇంకొకరికి ఇరవై ఐదు. చివరిసారి ఎక్కించిన తేదీకి ఆ గడువు కలపాలి. వచ్చింది ఆదివారమైతే ఒకటి తీసేసి శనివారం చేయాలి. సోమవారానికి మాత్రం తోయకూడదు, రక్తానికి మన సెలవులతో పని లేదు. ఈ లెక్కంతా ఆమె, ఏ వారమో చెప్పే వీక్‌డే ఫార్ములా పెట్టి ఎక్సెల్ షీట్‌లో కట్టేసింది. పొద్దున్నే షీట్ తెరిస్తే మర్నాడు రావలసిన వాళ్ల పేర్లు వరసగా కనిపించేవి. ఇళ్లకు ఫోన్లు చేసి, రక్తం సంచులు సిద్ధం చేయించేది. నా ఫోన్ వస్తే తప్ప రావద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పి పెట్టింది కూడా ఆమే. అంతకుముందు ఎప్పుడంటే అప్పుడు వచ్చి, సంచి దొరక్క, బెంచీల మీద పడిగాపులు పడేవారు.

నాలుగు రోజులుగా ఆ జాబితా చిక్కిపోతోంది. నిన్న ముగ్గురు, ఇవాళ ఒక్కరు. కొత్త మాత్రలు పనిచేస్తున్నట్టున్నాయి అంది పెద్ద నర్సు. తేదీలమ్మ సరేనని నమ్మేసింది. పని తగ్గితే మనిషికి నమ్మకం ఎంత తొందరగా పుడుతుందో!

పది గంటలకు ఒక తల్లి ఎనిమిదేళ్ల కొడుకుని భుజాన వేసుకుని వచ్చింది. వాడి పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి.

"మీ ఫోన్ కోసం చూసి చూసి వచ్చేశానమ్మా. కోప్పడకండి. మా వాడి రోజు దాటిపోయిందేమోనని..."

తేదీలమ్మ వాడి వరస తెరిచింది. రావలసిన తేదీ ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. రక్తం ఎక్కించిన తేదీ మాత్రం ఉంది, పోయిన నెల పదిహేడు. కానీ అది గడిలో ఎడమ గోడకు అతుక్కుని ఉంది. అసలైన తేదీ అయితే కుడివైపు ఉండాలి.

కొత్త కంప్యూటర్ వచ్చింది పోయిన నెల పద్నాలుగో తేదీన. దాని లెక్కలో తేదీ అంటే నెల ముందు, రోజు తరవాత. తేదీలమ్మ ఎప్పటిలాగే రోజు ముందు కొట్టింది. పదిహేడో నెల అంటూ లోకంలో లేదు గనక అది దాన్ని తేదీగా ఒప్పుకోలేదు, ఉత్త అక్షరాల కింద జమ కట్టింది. అక్షరాలకు ఇరవై కలపమంటే ఏ ఫార్ములా అయినా ఎర్రర్ అని అరవాలి. ఇదీ అరిచే ఉంటుంది. కానీ ఏడాది కిందట సూపరింటెండెంట్, షీట్ నిండా ఈ ఎర్రర్లేమిటి, చూడ్డానికి అసహ్యంగా ఉంది అని విసుక్కున్నాడు. ఎర్రర్ వస్తే ఖాళీ చూపించు అని ఆ రోజే ఫార్ములాకు ఇంకో ముక్క తగిలించింది ఈవిడ. పెద్దాయన మెచ్చుకున్నాడు కూడా. అరిచే నోటికి గుడ్డ కుక్కి, ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయినట్టయింది.

పిల్లాణ్ణి నర్సులకు అప్పగించి, కాగితం రిజిస్టరు ముందేసుకుని వేళ్ల మీద లెక్క కట్టింది. గడువు దాటినవాళ్లు పదకొండు మంది. ఒకడు వార్డులోనే ఉన్నాడు. మిగతా పది ఇళ్లకూ వరసగా ఫోన్ చేసింది. తొమ్మిది ఇళ్లవాళ్లు ఎత్తారు. తిట్టినవాళ్లు తిట్టారు, బయల్దేరినవాళ్లు బయల్దేరారు.

పదో ఇల్లు పిడుగుది. ఆరేళ్ల పిల్ల. సెలైన్ స్టాండుకున్న చక్రాలు ఊడదీసి జేబులో వేసుకున్న ఘనురాలు. దాని గడువు పద్నాలుగు రోజులే, వార్డులో అందరికన్నా తక్కువ. రావలసిన రోజు దాటి తొమ్మిది రోజులయింది. ఇంట్లో ఉన్నది దాని తాత ఒక్కడే, తాళాలు బాగుచేసుకుంటూ బతుకుతాడు.

మూడుసార్లు మోగి ఆగిపోయింది. దేవుడా, ఎత్తవయ్యా, ఎత్తవయ్యా అనుకుంటూ తేదీలమ్మ మళ్లీ నొక్కింది. నాలుగోసారి ఎత్తాడు.

"తాతా, పిడుగెలా ఉంది?"

"బంగారంలా ఉందమ్మా. ఈ వారం ఎంత బుద్ధిమంతురాలైందో! అల్లరి లేదు, గోల లేదు. పడుకోబెట్టిన చోటే పడుకుంటోంది. ఇప్పుడూ నిద్రే."

తేదీలమ్మ అరిచేసింది. "ఎత్తుకో తాతా! లేపొద్దు, నడిపించొద్దు, ఎత్తుకుని ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కేసి వచ్చెయ్!"

ముప్పావు గంటకు వచ్చారు. డాక్టరమ్మ కనురెప్ప కిందకి లాగి చూసి, పిల్లను లోపలికి తీసుకెళ్లిపోయింది. చాలాసేపటికి తేదీలమ్మ దగ్గరకు వచ్చి మెల్లగా అంది.

"గుండె బాగా అలిసిపోయింది. రక్తం చుక్కచుక్కగానే ఎక్కించాలి, తొందరపడితే అసలుకే మోసం. తట్టుకుంటుందో లేదో రేపటికి గానీ చెప్పలేను."

బయట బెంచీ మీద తాత కూర్చుని ఉన్నాడు. తేదీలమ్మ ఎదురుగా నిలబడింది. వెళ్లిపోతే బాగుండునని కాళ్లు చెబుతూనే ఉన్నాయి.

"తప్పు నాది తాతా. తొమ్మిది రోజుల కిందటే ఫోన్ చెయ్యాల్సింది. నా లెక్క తప్పింది. కొత్త మిషన్ది కాదు, నాదే."

తాత తిట్టలేదు.

"మీరు చెయ్యలేదంటే ఇంకా టైముందనుకున్నా. అది నిద్రపోతుంటే పోన్లే, నా పనికి అడ్డం రావట్లేదని సంతోషపడ్డానమ్మా. ఇకనుంచి మీరు ఫోన్ చెయ్యొద్దు. పద్నాలుగు రోజులే గదా, నేనే లెక్కపెట్టుకుంటా. ఇవాళ్టిని కలుపుకోవాలా, వదిలెయ్యాలా?"

"కలుపుకో తాతా. ఒకరోజు ముందొస్తే ఏం కాదు."

తాత బొటనవేలు చిటికెనవేలి కణుపు మీద పెట్టి ఒకటి అన్నాడు. రెండో కణుపు దగ్గర ఆగిపోయాడు.

"ముందొస్తే ఏం కాదు, సరే. తొమ్మిది రోజులు ఆలస్యమైతే ఏమవుతుందమ్మా? డాక్టరమ్మ నాకేం చెప్పలేదు."

తేదీలమ్మ అతని పక్కన కూర్చుంది. గుండె సంగతితో మొదలుపెట్టి, ఒక్క ముక్క దాచకుండా చెప్పసాగింది.