డాక్టరుగారి సీలింగ్

బొమ్మలు వేయించుకునేవాళ్ళు కరువై, మా చెల్లెలు కుంచెలు కట్టిపెట్టి సోమవారం నుంచి బట్టల షాపులో చేరదామనుకుంది. ఆ వారంలోనే పళ్ళ డాక్టరుగారు పిలిచారు. "మా పేషెంట్లు నోరు తెరుచుకుని పైకే చూస్తుంటారమ్మా. సీలింగ్ మీద ఏదైనా వెయ్యి" అన్నారు.

మెడ పట్టేసినా నిచ్చెన దిగకుండా చెట్టూ, దాని నిండా పిట్టలూ వేసింది. రంగు పడకుండా కుర్చీకి దుప్పటి కప్పారు. కుర్చీ ఎటు తిరిగి ఉందో చెల్లెలు చూసుకోలేదు. చివరికి డాక్టరుగారు అందులో పడుకుని చూస్తే చెట్టు తలకిందులుగా ఉంది.

"గోకేస్తానండీ" అంది చెల్లెలు, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన ఇంకా పిట్టల్నే చూస్తున్నారు. "గోకితే ఊరుకోను. పన్ను పీకించుకునేవాడికి లోకం తలకిందులుగా కాక ఎలా కనపడుతుంది?"

నిచ్చెన పట్టుకోవడానికి వెళ్ళిన నేను పకపకా నవ్వాను.

"నువ్వు నోర్ముయ్యి అన్నయ్యా!"

"పక్క గది కూడా ఉందమ్మా" అన్నారు డాక్టరుగారు. "ఈసారి ముందు కుర్చీలో పడుకుని చూసుకో."

సోమవారం పొద్దున చెల్లెలు పక్క గది కుర్చీలో వెల్లకిలా పడుకుని, పెన్సిల్ పైకెత్తి కొలతలు చూసుకుంటోంది. బట్టల షాపుకి వెళ్ళి, తను చేరడం లేదని చెప్పే పని నాకు పడింది. హాయిగా నడిచి వెళ్ళాను.